కిడ్నీ మార్పిడి తరువాత ఇన్‌ఫెక్షన్లు రాకుండా, వస్తే ముదరకుండా: ఇంటివారికి సమగ్ర మార్గదర్శి

కిడ్నీ మార్పిడి జరిగిన ఇళ్ల నుంచి పదేపదే వచ్చే ప్రశ్నలు రెండు. ఏం తినవచ్చు? జ్వరం వస్తే ఏం చేయాలి? మొదటిదానికి సలహా చెప్పేవారు ప్రతి వీధిలో ఉంటారు. రెండోదాని గురించి జ్వరం వచ్చేదాకా ఎవరూ ఆలోచించరు. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ రెండో ప్రశ్నకే.

మన దేశంలో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారి మరణాలకు ఇన్‌ఫెక్షన్లు ప్రధాన కారణాల్లో ఒకటి. వాటిలో చాలావాటికి మందులున్నాయి. కానీ మందుల షాపు మాత్రతో ఒక రోజు, ఊళ్లో సెలైన్‌తో మరో రోజు, ‘కాస్త తగ్గింది కదా’ అనుకుంటూ ఇంకో రోజు గడిచిపోతే, ఆ మందులు పనిచేయడానికి వ్యవధి మిగలదు.

ఇక్కడి సూచనలన్నీ కిడ్నీ మార్పిడికి సంబంధించినవి. కాలేయం, గుండె మార్పిడి అయినవారికి మోతాదులూ గడువులూ వేరు. మీ ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో ఇందుకు భిన్నంగా ఉంటే ఆ కాగితాన్నే పాటించండి.

1. ఏ కాలంలో ఏ ముప్పు

కొత్త కిడ్నీని శరీరం పరాయిదిగా భావించి దాడి చేయకుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసలోన్ వంటి మందులు అడ్డుపడతాయి. క్రిముల మీద జరగవలసిన దాడి కూడా వాటివల్లే మందగిస్తుంది. మొదట్లో మోతాదు ఎక్కువగా ఉండి, తరువాత మెల్లగా తగ్గుతుంది. ముప్పు తీరు కూడా దానితోపాటే మారుతుంది.

మొదటి నెలలో వచ్చేవి ఎక్కువగా ఆపరేషన్‌కూ ఆసుపత్రికీ సంబంధించినవి. కోత గాయం చీము పట్టడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, సూదులూ గొట్టాలూ పెట్టిన చోట వాపు ఈ కోవలోవి. మూత్రనాళంలో పెట్టే డీజే స్టెంట్ అనే సన్నటి గొట్టాన్ని సాధారణంగా 2 నుంచి 6 వారాల్లో తీస్తారు. ఆ తేదీని క్యాలెండర్ మీద రాసుకోండి. తీయకుండా మిగిలిపోయిన స్టెంట్ చుట్టూ క్రిములు గూడు కడతాయి, రాళ్లు పేరుకుంటాయి.

రెండో నెల నుంచి ఆరో నెల వరకు కాలం చాలా కీలకం. ఆరోగ్యవంతుల జోలికి రాని క్రిములు ఇప్పుడే తలెత్తుతాయి. సైటోమెగలో వైరస్, బీకే వైరస్, న్యుమోసిస్టిస్ న్యుమోనియా, నోకార్డియా, రకరకాల ఫంగస్‌లు వీటిలో ముఖ్యమైనవి. సైటోమెగలో వైరస్ మనలో అత్యధికుల్లో చిన్నతనం నుంచే నిద్రాణంగా ఉంటుంది. మందుల వల్ల కాపలా సడలగానే లేస్తుంది. బీకే వైరస్ మరీ గుట్టుగా ఉంటుంది. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, కిడ్నీ దెబ్బతిని రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరును చూపే కొలత) పెరిగాక బయటపడుతుంది. ‘ఒంట్లో బాగానే ఉంది కదా, ఈ నెల పరీక్షలు ఎందుకు’ అనే ఆలోచన పనికిరానిది అందుకే.

ఆరు నెలలు దాటి, కిడ్నీ బాగా పనిచేస్తూ, మోతాదులు తగ్గితే అందరికీ వచ్చే జబ్బులే వస్తాయి: ఫ్లూ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, డెంగీ, టైఫాయిడ్. వస్తే మాత్రం మిగతావారికంటే తీవ్రంగా వస్తాయి. క్షయకు ఈ గడువులు వర్తించవు, మన ప్రాంతంలో అది ఎప్పుడైనా రావచ్చు.

ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. మధ్యలో రిజెక్షన్ (శరీరం కొత్త కిడ్నీ మీద దాడి చేయడం) వచ్చి దానికి పెద్ద మోతాదు మందులు ఇస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. మార్పిడి జరిగి మూడేళ్లయినా, రిజెక్షన్ చికిత్స తరువాతి నెలల్లో కొత్తగా మార్పిడి అయినవారిలాగే జాగ్రత్తపడాలి.

2. మార్పిడికి ముందే ముగించవలసిన పనులు

జీవన్‌దాన్ జాబితాలో (అవయవాల కోసం ఎదురుచూసేవారి ప్రభుత్వ జాబితా) పేరు నమోదైనవారికి పిలుపు ఎప్పుడు వస్తుందో తెలియదు. డయాలసిస్ జరుగుతున్న రోజుల్లోనే ఈ పనులు పూర్తిచేసుకోవాలి.

టీకాలు: మార్పిడి తరువాత టీకాలు వేసినా శరీరం అంతంతమాత్రంగానే స్పందిస్తుంది. కొన్నిటిని అసలు వేయకూడదు. కనుక హెపటైటిస్ బి పూర్తి కోర్సు వేయించుకుని, తరువాత రక్తపరీక్షలో యాంటీబాడీలు తగినంత వచ్చాయో లేదో చూపించుకోండి. న్యుమోకోకల్, ఫ్లూ, టైఫాయిడ్ కాంజుగేట్ టీకాల గురించి నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టరును) అడగండి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా హైదరాబాద్‌లోనే తయారవుతుంది, దొరకడం కష్టం కాదు.

చిన్నప్పుడు ఆటలమ్మ రానివారు ఆ టీకాను మార్పిడికి కనీసం 4 వారాల ముందే వేయించుకోవాలి. అది బతికున్న వైరస్‌తో చేసే టీకా కాబట్టి మార్పిడి తరువాత కుదరదు. తట్టు, గవదబిళ్లల టీకా సంగతీ అంతే.

పళ్లు: పుచ్చిన పళ్లు, చీము పట్టిన చిగుళ్లు ఉంటే ముందే బాగుచేయించండి. చాలామంది దీన్ని చివరికి నెడతారు. ఆపరేషన్ తరువాత మొదటి నెలల్లో పన్ను పీకించుకోవడం పెద్ద తలనొప్పి.

క్షయ చరిత్ర: మీకు ఎప్పుడో క్షయ వచ్చి తగ్గినా, ఇంట్లో ఎవరికైనా వచ్చినా దాచకుండా చెప్పండి. పెళ్లి సంబంధాలు చెడతాయని దాచే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఈ ఒక్క విషయం దాస్తే డాక్టరు వేసే లెక్కలన్నీ తప్పుతాయి.

మట్టిలో చెప్పుల్లేకుండా పనిచేసినవారు: స్ట్రాంగిలాయిడ్స్ అనే నులిపురుగు కాళ్ల చర్మం గుండా లోపలికి చేరి, ఏళ్ల తరబడి పేగుల్లో చడీచప్పుడు లేకుండా ఉంటుంది. స్టెరాయిడ్లు మొదలుపెట్టాక ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు. పొలం పని చేసినవారు ఈ సంగతి డాక్టరుకు చెప్పి, పరీక్ష గానీ ముందస్తు మందు గానీ అవసరమా అని అడగాలి.

3. ఇంటికి రాకముందు ఇల్లు సిద్ధం చేయడం

రోగి ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఇంటివారు చేయవలసిన పనులివి. సున్నం వేయించడం, గోడలు పగలగొట్టించడం వంటివి ఉంటే అతను రావడానికి వారం ముందే ముగిసి, దుమ్మంతా తడిగుడ్డతో తుడవాలి. పాత గోడల దుమ్ములో ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ ఉంటుంది.

సరిచూసుకోవలసినవి:
- గాలీ వెలుతురూ ఉన్న విడి గది, వీలైతే విడి మరుగుదొడ్డి
- నీళ్ల ట్యాంకు కడిగించడం, ఏసీ ఫిల్టరు శుభ్రం చేయించడం. ఎయిర్ కూలర్‌ను ఈ గదిలో పెట్టకపోవడమే మంచిది
- బాల్కనీలో పావురాల గూళ్లుంటే రోగి రాకముందే తీయించి, వల బిగించడం
- డిజిటల్ థర్మామీటరు, బీపీ యంత్రం, బరువు తూచే యంత్రం, మూత్రం కొలిచే పాత్ర
- చేతులు కడిగే చోట సబ్బు, తుడుచుకోవడానికి రోగికి విడి తువ్వాలు
- కుళాయి ఉన్న మూత పాత్ర, తాగేనీటి కోసం
- ఇంటిల్లిపాదికీ ఫ్లూ టీకా

పరామర్శల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఆపరేషన్ అయి వచ్చినవారిని చూడకపోతే తప్పు అనుకునే సమాజం మనది. ‘డాక్టరు మూడు నెలలు ఎవరినీ రానివ్వవద్దన్నారు, ఫోన్‌లో మాట్లాడండి’ అని ఇంటి పెద్ద ఒకరు నిర్మొహమాటంగా చెప్పేయాలి. ఆ మాట రోగి నోట రాకూడదు.

4. మందుల వేళలు, పరీక్షల తీరు

టాక్రోలిమస్ రోజుకు రెండుసార్లు వాడేవారికి 12 గంటల ఎడం ఉండాలి. ఉదయం 8, రాత్రి 8 అనుకుంటే అదే ఏళ్ల తరబడి సాగాలి. రక్తంలో మందు మట్టం చూసే పరీక్షకు ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. మాత్రను జేబులో పెట్టుకుని వెళ్లి, రక్తం ఇచ్చిన వెంటనే వేసుకోండి. వేసుకుని వెళ్తే రిపోర్టులో మట్టం ఎక్కువగా కనిపిస్తుంది, డాక్టరు దాన్ని నమ్మి మోతాదు తగ్గించే ప్రమాదం ఉంది.

ఇన్‌ఫెక్షన్ రాకుండా ఇచ్చే మందులు వేరుగా ఉంటాయి. న్యుమోసిస్టిస్ రాకుండా కోట్రైమోక్సజోల్ సాధారణంగా 6 నుంచి 12 నెలలు వాడతారు, సైటోమెగలో వైరస్ లేవకుండా వాల్‌గాన్‌సైక్లోవిర్ ఇచ్చేచోట 3 నుంచి 6 నెలలు. రెండోది ఖరీదైనది. డబ్బు ఇబ్బందితో మధ్యలో మానేయదలచుకుంటే ముందు ఆ మాట డాక్టరుకు చెప్పండి. మందుకు బదులు తరచుగా రక్తపరీక్ష చేసి కనిపెట్టే పద్ధతి కూడా ఉంది. చెప్పకుండా మానేస్తే రెండూ ఉండవు. గడువు ముగిసి ఆపిన తరువాతి కొన్ని నెలలు కూడా కన్ను వేసి ఉంచాలి. నీరసం, జ్వరం, విరేచనాలు, తెల్లకణాలు తగ్గడం కనిపిస్తే సైటోమెగలో వైరస్‌ను అనుమానిస్తారు.

ఇతర మందులతో తగాదా ఈ జబ్బులో అసలు చిక్కు. యాంటీబయాటిక్‌లైన క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఫంగస్ మందులైన ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్, వోరికొనజోల్ టాక్రోలిమస్ మట్టాన్ని పెంచేస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ దాన్ని బాగా తగ్గించేస్తాయి, అప్పుడు రిజెక్షన్ రావచ్చు. నొప్పికి వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ నేరుగా కిడ్నీనే దెబ్బతీస్తాయి. వీటిలో కొన్ని తప్పనిసరైన సందర్భాలుంటాయి, అప్పుడు నెఫ్రాలజిస్టు మోతాదులు సరిచేస్తారు. ఆయనకు తెలియకుండా చర్మవ్యాధుల డాక్టరు రాసిన ఇట్రాకొనజోల్ మాత్రం వేసుకోకూడదు.

ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద మందులు తీసుకునేవారికి ఒక నెల ఒక కంపెనీవి, మరో నెల ఇంకో కంపెనీవి రావచ్చు. టాక్రోలిమస్ బ్రాండు మారితే ఆసుపత్రిలో మార్పిడి రోగుల సంగతి చూసే కోఆర్డినేటర్‌కు చెప్పి, మట్టం పరీక్ష చేయించుకోవాలి.

5. మొదటి మూడు నెలల దినచర్య

ఒక నోట్‌బుక్ పెట్టండి. ఫోన్‌లో రాసుకునేవారు రాసుకోవచ్చు కానీ, అర్ధరాత్రి అత్యవసర విభాగంలో డాక్టరు చేతికి ఇవ్వడానికి పుస్తకమే నయం.

రోజూ రాయవలసినవి:
- ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రత
- బీపీ, ఉదయం బరువు
- రోజు మొత్తం మూత్రం, రంగు, మంట ఉంటే ఆ సంగతి
- మధుమేహం ఉంటే చక్కెర. స్టెరాయిడ్లు, టాక్రోలిమస్ వల్ల కొత్తగా కూడా మధుమేహం వస్తుంది, చక్కెర పెరిగితే ఇన్‌ఫెక్షన్లకు దారి సుగమం అవుతుంది
- కోత దగ్గర ఎరుపు, తడి, వాపు
- నోట్లో తెల్లపూత, పుండ్లు

మూత్రాన్ని బిగబట్టకండి. ఆడవారు శుభ్రం చేసుకునేటప్పుడు ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. కిడ్నీ మార్పిడి తరువాత అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది మూత్రంలో ఇన్‌ఫెక్షనే. కొత్త కిడ్నీ ఉన్న పొత్తికడుపు వైపు నొప్పి, చలితో జ్వరం కలిసి వస్తే అది కిడ్నీ దాకా పాకిందని అనుమానించాలి.

దీనికి విరుద్ధమైన తప్పు కూడా ఉంది. ఏ ఇబ్బందీ లేకుండా రిపోర్టులో ‘బ్యాక్టీరియా’ అని కనిపించగానే యాంటీబయాటిక్ కొనేస్తారు. మొదటి రెండు నెలలు దాటాక, లక్షణాలు లేకపోతే సాధారణంగా మందు అవసరం ఉండదు. ఊరికే వాడిన యాంటీబయాటిక్‌లు తరువాత నిజంగా అవసరమైనప్పుడు పనిచేయని మొండి క్రిముల్ని తయారుచేస్తాయి.

ఇంట్లో పసిపిల్లలకు పోలియో, రోటా చుక్కలు వేయించిన తరువాత కొన్ని వారాలు వారి మలమూత్రాల గుడ్డలు రోగి మార్చకూడదు. ఆ వైరస్ పిల్లల మలంలో బయటికి వస్తుంది.

6. నీరు, తిండి

నీరు: ఫిల్టరు ఉన్నా, క్యాన్ తెప్పించినా మొదటి ఏడాది మరిగించిన నీళ్లే. బుడగలు బాగా తెర్లిన తరువాత ఇంకో నిమిషం మరగాలి. చల్లారాక కుళాయి ఉన్న పాత్రలో పోయండి. బిందెలో గ్లాసు ముంచితే మరిగించిన ఫలితం పోతుంది.

వండిన తిండికి సూత్రం ఒకటే: పూర్తిగా ఉడకాలి, వేడిగా తినాలి. గుడ్డు పచ్చసొన గట్టిపడాలి. చేప, రొయ్య, పీత, మాంసం లోపలిదాకా ఉడకాలి.

మన ఇళ్లలో గొడవ తెచ్చేవి కొన్ని ఉన్నాయి. చద్దన్నం ఎంత ఆరోగ్యమని పెద్దలు చెప్పినా రాత్రంతా బయట నానిన అన్నం వీరికి పనికిరాదు. మొలకెత్తిన పెసలు, బొబ్బర్లు పచ్చివి వద్దు, ఉడికించి తినవచ్చు. హోటల్ కొబ్బరి చట్నీ, పానీపూరీ నీళ్లు, చెరకు రసం, ఐస్ గోలా, కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, కల్లు, నీరా మానాలి. ఇంట్లో మరిగించిన పాలతో తోడుపెట్టిన తాజా పెరుగుకు చాలా ఆసుపత్రులు అభ్యంతరం చెప్పవు, మీ డైటీషియన్‌ను అడిగి మొదలుపెట్టండి. బూజు పట్టిన ఆవకాయను పైన తీసేసి వాడుకోవడం కుదరదు, ఆ జాడీ పక్కన పెట్టాల్సిందే.

పండ్లు ఇంట్లో కడిగి, తొక్క తీసి తినాలి. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ పూర్తిగా నిషిద్ధం. అవి టాక్రోలిమస్ మట్టాన్ని పెంచుతాయి. బత్తాయితో ఆ చిక్కు లేదు, పొటాషియం ఎక్కువగా ఉన్నవారు మాత్రం మోతాదు అడగాలి.

ఇక ‘రోగనిరోధక శక్తి పెంచే’ కషాయాలు, పొడులు, లేహ్యాలు. తిప్పతీగ, అశ్వగంధ వంటివి ప్రేమతో తెచ్చి ఇచ్చే బంధువులు ప్రతి కుటుంబంలో ఉంటారు. ఏ శక్తినైతే అదుపులో పెట్టడానికి నెలకు వేల రూపాయల మందులు వాడుతున్నామో, దాన్నే రెచ్చగొట్టే పొడి తాగడంలో అర్థం లేదు. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మర్యాదగా తీసుకుని అటక మీద పెట్టేయండి.

7. మట్టి, దుమ్ము, దోమలు, జంతువులు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి రాయలసీమ మెట్ట పొలాల దాకా, మార్పిడి తరువాత మళ్లీ పనిలోకి దిగక తప్పనివారు ఎందరో ఉన్నారు. ‘పొలం వైపు వెళ్లకండి’ అని రాసేయడం తేలిక. పనికొచ్చే మాటలు చెప్పుకుందాం.

మొదటి ఆరు నెలలు మట్టి పని, గడ్డివాము దులపడం, పేడ ఎత్తడం పూర్తిగా మానాలి. తరువాత డాక్టరు సరే అంటే మోకాలి దాకా రబ్బరు బూట్లు, చేతికి తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకుని వెళ్లాలి. దుమ్ము లేచే పని ఉంటే ఎన్95 మాస్కు తప్పనిసరి. నాట్లు వేసే బురదనీటిలో ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఉంటుంది. కాలికి పుండు ఉన్నప్పుడు ఆ నీటిలో దిగవద్దు.

ముల్లు గుచ్చుకుంటే అప్పుడే సబ్బుతో కడిగి, తేదీ రాసుకోండి. వారాలో నెలలో గడిచాక అదే చోట నొప్పిలేని చిన్న గడ్డ లేస్తే అది ఫంగస్ కావచ్చు. నొప్పి లేదు కదా అని వదిలేసేది దీన్నే. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు కోసి తీసేస్తే సరిపోవచ్చు, ఆలస్యమైతే నెలల తరబడి ఫంగస్ మందులు వాడాలి, వాటితో టాక్రోలిమస్ లెక్క మారిపోతుంది.

చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కనిపించి జ్వరం ఉంటే అది సన్నటి పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. మన రాష్ట్రాల్లో తరచుగా కనిపిస్తున్నదే. ఒళ్లంతా వెతకనిదే ఆ పక్కు దొరకదు, జ్వరం వచ్చినప్పుడు ఇంటివారు చూడాలి.

నగరాల్లో ముప్పు పావురాల రెట్ట. అందులో పెరిగే క్రిప్టోకోకస్ అనే ఫంగస్ ఊపిరితిత్తుల గుండా మెదడు పొరలకు చేరుతుంది. మొదట కనిపించేది వదలని తలనొప్పి ఒక్కటే కావచ్చు. పిల్లి మలం, చిలక పంజరం, చేపల తొట్టి శుభ్రం చేసే పని వేరేవారికి అప్పగించండి.

కుక్క కరిస్తే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. చిన్న గీతే కదా అని తేల్చకుండా, మార్పిడి అయిన సంగతి టీకా వేసేవారికి మొదటే చెప్పాలి.

దోమతెర పగలూ రాత్రీ. డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది.

8. గుడి, పెళ్లి, పుష్కరం

ఆరు నెలల దాకా వాయిదా వేయగలిగినవన్నీ వేయండి. ఆ తరువాత కూడా కొన్ని హద్దులుంటాయి.

తీర్థం, పంచామృతం కళ్లకద్దుకుని పక్కవారికి ఇచ్చేయండి. వేడిగా ఉన్న పొంగలి, లడ్డూ తినవచ్చు. తలనీలాలు ఇస్తే కొత్త బ్లేడు వేయించుకుని, గాటు పడకుండా చూసుకోవాలి. మెషిన్‌తో పొట్టిగా తీయించుకుంటే ఇంకా మేలు. కోనేటి స్నానం వద్దు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తాయి. మునక బదులు ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లు తలమీద చల్లుకుంటే చాలు. దేవుడు ఒప్పుకుంటాడో లేదో గానీ నెఫ్రాలజిస్టు ఒప్పుకుంటారు.

పెళ్లిలో మొదటి బంతిలో కూర్చోండి. వేడిగా వడ్డించిన అన్నం, పప్పు, కూర తినండి. పచ్చళ్లు, పెరుగు పచ్చడి, సలాడ్, ఐస్‌క్రీమ్ వదిలేయండి. నీళ్ల సీసా ఇంటి నుంచి తీసుకెళ్లండి. జలుబు, దగ్గు ఉన్నవారు పలకరించడానికి వస్తే రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టండి.

9. జ్వరం వచ్చిన రోజు ఏం చేయాలి

చాలా ఆసుపత్రులు చెప్పే హద్దు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్. మీ ఆసుపత్రి వేరే అంకె చెబితే అదే మీ హద్దు. స్టెరాయిడ్లు జ్వరాన్ని అణచిపెడతాయి కాబట్టి 99.5 దగ్గరే నిలిచిపోయి, దానికి వణుకు, నీరసం, దగ్గు, మూత్రంలో మంట తోడైతే అది కూడా లెక్కలోకి వస్తుంది.

మొదటి అరగంటలో:
- ఉష్ణోగ్రత రాయండి. పారాసిటమాల్ కిడ్నీకి పెద్దగా హాని చేయదు, కానీ కొలవకుండా వేసుకుంటే జ్వరం కనబడకుండా పోతుంది
- బీపీ, నాడి చూడండి. ఆక్సీమీటరు ఉంటే ఆక్సిజన్ కూడా
- కోఆర్డినేటర్‌కు ఫోన్ చేయండి. రాత్రయినా, ఆదివారమైనా. ఎత్తకపోతే ఆసుపత్రి అత్యవసర విభాగానికి చేయండి

ఫోన్‌లో ఇలా చెప్పండి: ‘మార్పిడి అయి ఇన్ని నెలలైంది, జ్వరం ఇంత, ఎప్పటినుంచి, మూత్రం ఇంత, టాక్రోలిమస్ చివరిసారి ఈ వేళకు వేసుకున్నారు, క్రితం క్రియాటినిన్ ఇంత.’

వెంటనే బయలుదేరవలసిన లక్షణాలు: ఆయాసం, ఆక్సిజన్ 94 కంటే తగ్గడం, తికమక మాటలు, మెడ పట్టేయడం, మూత్రం బాగా తగ్గడం, పై బీపీ 100 కంటే దిగడం, ఆగని వాంతులు. ముక్కులో నొప్పి, నల్లటి స్రావం, బుగ్గ తిమ్మిరి, కన్ను వాపు వస్తే అది 2021లో అందరూ విన్న బ్లాక్ ఫంగస్ కావచ్చు. దానిలో గంటలు కూడా లెక్కే.

ఊరు దూరమైతే దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి, కానీ మూడు విషయాలు పట్టుబట్టండి. యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే రక్తం, మూత్రం కల్చర్‌కు తీయాలి, లేకపోతే తరువాత ఏ క్రిమో తేలదు. రోగి మరీ సుస్తీగా ఉంటే మాత్రం వీటికోసం మందు ఆలస్యం కాకూడదు. డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వద్దు. కొత్త మందు ఏది మొదలుపెట్టినా మీ నెఫ్రాలజిస్టుతో ఫోన్‌లో మాట్లాడించాలి.

సంచిలో సిద్ధంగా ఉండవలసినవి:
- డిశ్చార్జి కాగితం, గత మూడు రిపోర్టులు, నోట్‌బుక్
- మూడు రోజులకు సరిపడా అన్ని మందులు. చిన్న ఊళ్లలో టాక్రోలిమస్ దొరకదు
- నెఫ్రాలజిస్టు, కోఆర్డినేటర్ నంబర్లు రాసిన కాగితం
- పథకం కార్డు, ఆధార్ నకలు

10. తరచుగా జరిగే పొరపాట్లు, సరిచేసే తీరు

విరేచనాలు పట్టాయని టాక్రోలిమస్ ఆపేయడం. విరేచనాల్లో దాని మట్టం తగ్గుతుందని అందరూ అనుకుంటారు, నిజానికి చాలాసార్లు పెరుగుతుంది. మీరే ఆపకండి, మీరే పెంచకండి. ఓఆర్‌ఎస్ తాగుతూ ఫోన్ చేసి, మట్టం పరీక్ష చేయించండి.

వాంతులయ్యాయని ప్రెడ్నిసలోన్ వదిలేయడం. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్ హఠాత్తుగా ఆగితే బీపీ పడిపోయి ప్రమాదం. మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ రూపంలో ఇవ్వాలి, అంటే ఆసుపత్రికి వెళ్లాలి.

మరిచిన డోసును తరువాత రెండింతలు వేసుకోవడం. అలా చేయకుండా, ఎంత ఆలస్యమైందో చెప్పి అడగండి.

ఆటలమ్మను ‘అమ్మవారు పోసింది’ అని వేపాకుల మధ్య ఉంచి ఎదురుచూడటం. ఇంట్లో పిల్లలకు వచ్చినా రోగిని వేరే చోటికి పంపి, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. పొక్కులు రాకముందే ఇవ్వగల రక్షణ ఉంది. అక్కి లేస్తే కూడా అంతే. అక్కి రాయించుకోవడానికి తిరిగే రెండు మూడు రోజుల్లోనే వైరస్ మందు బాగా పనిచేసే వ్యవధి అయిపోతుంది. అది 72 గంటల్లోపు మొదలుకావాలి.

దగ్గు రెండు వారాలు దాటినా సిరప్‌లతో గడపడం. వీరిలో క్షయ ఊపిరితిత్తుల్లోనే ఉండాలని లేదు, దగ్గు లేకుండా సన్నటి జ్వరం, బరువు తగ్గడం మాత్రమే ఉండవచ్చు. క్షయ అని తేలితే రిఫాంపిసిన్‌కు బదులు రిఫాబ్యుటిన్ వాడే వీలుందా అని నెఫ్రాలజిస్టూ క్షయ వైద్యుడూ మాట్లాడుకోవాలి. మాట్లాడుకునేలా చూడటం ఇంటివారి పని.

ఇన్‌ఫెక్షన్ల భయంతో రోగనిరోధక శక్తిని అణచే మందులు సొంతంగా తగ్గించుకోవడం అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. రిజెక్షన్ వస్తుంది, దానికి పెద్ద మోతాదు మందులు, వాటితో మరింత పెద్ద ఇన్‌ఫెక్షన్లు. ఎక్కువగా జబ్బుపడుతుంటే మోతాదు తగ్గించే నిర్ణయం డాక్టరు తీసుకోవచ్చు, బీకే వైరస్‌కు ప్రధాన చికిత్స అదే. కానీ అది రక్తపరీక్షలు చూసుకుంటూ అంచెలంచెలుగా చేసే పని.

11. ఏడాది దాటాక సడలించగలిగేవి, సడలించకూడనివి

మోతాదులు స్థిరపడి, క్రియాటినిన్ నిలకడగా ఉంటే ఉద్యోగం, ప్రయాణాలు, బంధువుల ఇళ్లు అన్నీ మామూలే. బహిరంగ ప్రదేశాల్లో ఎప్పుడూ మాస్కు అవసరం లేదు. ఆసుపత్రుల్లో, కిక్కిరిసిన బస్సుల్లో, ఫ్లూ కాలంలో వాడితే సరిపోతుంది.

ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి, ఇంజెక్షన్ రూపంలోనే. ముక్కులో కొట్టే రకం బతికున్న వైరస్‌తో చేసేది కనుక వద్దు. అక్కికి రీకాంబినెంట్ టీకా (బతికున్న వైరస్ లేనిది) ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతోంది, ఖరీదు ఎక్కువ, వీలున్నవారు అడగండి.

విదేశాల్లో స్థిరపడి సెలవులకు ఊరు వచ్చేవారు బయలుదేరడానికి నెలన్నర ముందే అక్కడి వైద్యులను కలిసి టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాల సంగతి తేల్చుకోవాలి. టైఫాయిడ్‌కు మింగే గుళికల రూపంలోని టీకా బతికున్న బ్యాక్టీరియాతో చేసేది, అది ఇంకా ఇచ్చేచోట ఉంటే వద్దని గుర్తుచేయండి. ప్రయాణానికి రెండింతలు రోజులకు సరిపడా మందులు తెచ్చుకుని, సగం చేతిసంచిలో పెట్టుకోండి. ఊళ్లో అడుగుపెట్టిన రోజే దగ్గరలోని మార్పిడి కేంద్రం ఎక్కడుందో, రాత్రిపూట ఎవరు ఫోన్ ఎత్తుతారో కనుక్కుని, ఆ నంబరును ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఎక్కించండి.